జేజి వీధికి చెప్పిన మాట

మా మేడ మీది భాగంలోకి శ్రావణి వాళ్లు అద్దెకు దిగిన కొత్తలో, ఒక సాయంత్రం ఆ అమ్మాయి మెట్లు దిగి వచ్చి మా గడప అవతలే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు. "అత్తా, మా రిషి అరుపులు మీకు ఇబ్బందిగా ఉంటే ముందే చెప్పండి. సామాన్లు ఇంగా అన్నీ ఇప్పలేదు. వేరే ఇల్లు చూసుకుంటాం" అంది. ప్రొద్దుటూరులో అప్పటికే ఇళ్లు మారీ మారీ విసిగి ఉన్నారని తర్వాత తెలిసింది. ఒకచోట పక్కింటివాళ్లు పిల్లవాణ్ణి సరిగా పెంచలేదన్నారు. ఇంకొకచోట ఇంటావిడ తన మనవళ్లను వీడి దగ్గరికి రానివ్వలేదు. భర్తకు బంగారు అంగట్లో పని, పొద్దున పోతే దీపాలు పెట్టినాక వస్తాడు. రిషిని పిలిస్తే చూడడు, మాటలు రాలేదు, కుక్కర్ కూత వినబడితే చెవులు మూసుకుని కేకలు పెడతాడు. డాక్టర్లు ఆటిజం అన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించింది.

నాకు ఆ మాట తల నెరిసినాక తెలిసింది. ఆ పిల్లలు మాత్రం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. "వచ్చి కూచో తల్లీ. అట్లాంటి బిడ్డ పక్కనే నేను పెరిగినా" అన్నాను. అప్పుడు గడప దాటి వచ్చి చాప మీద కూచుంది. ఆ సాయంత్రం నాకు తోచినట్టు ఆమెకు చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు. ఊరు అయిపోయి పెన్నకు దారి మొదలయ్యే చోట మా ఇల్లు. ముందర నాలుగు అరుగుల వీధి, వెనక గొర్రెల దొడ్డి. మా నాయన, పెదనాయన, వాళ్లమ్మ అయిన మా జేజి, అందరం ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లం. ఇంకా మసక ఉండగానే జేజి దొడ్డి ఊడ్చేది. వానకు తడిసిన ఉన్ని వాసన, పచ్చిపాల వాసన, కందికట్టె పొగ కలిసి ఇంట్లోకి వచ్చేవి. ఆ వాసనే మాకు తెల్లవారడం. దొడ్డి పని కాగానే జేజి చేతులు కడుక్కుని పొయ్యి ముందర కూచుని సంగటి కెలికేది. కుండను కాళ్లతో అదిమిపట్టి, తెడ్డును రెండు చేతులా తిప్పుతుంటే ఆమె గాజులు ఒకదానికొకటి తగిలేవి. ఒక్క రోజు తప్ప, నోట్లో వక్కాకు లేని జేజిని నేను చూడలేదు. మాట్లాడాలంటే ముందు దాన్ని బుగ్గకు తోసుకునేది. అంత ఆలస్యంగా వచ్చే మాట కాబట్టేనేమో, ఆమె ఏదైనా అంటే ఇంట్లో అందరూ వినేవాళ్లు.

పెదనాయన కూతురు నాగులు. నాకు చెల్లెలు వరస. చంకలో ఉన్నప్పుడు అందరి బిడ్డల మాదిరే ఉందట. నడక వచ్చినాక మనుషుల ముఖాలు చూడడం మానేసింది. సంగటి ముద్ద తినేది గానీ దాని మీద పులుసు చుక్క పడితే గిన్నె తోసేసేది. గోడ పక్కనే, గోడకు వేలు ఆనించి నడిచేది. తప్పెట చప్పుడు విన్నా, ఎవరైనా ఆమెను పట్టి ఎత్తుకోబోయినా ఒళ్లంతా బిగదీసుకుని అరిచేది, అందిన చేతిని కొరికేది. పెద్దమ్మ చేతుల మీద ఆ పళ్ల గాట్లు ఎప్పుడూ ఉండేవి. ఆమె రవికె చేతులు అందరికంటే పొడుగ్గా కుట్టించుకునేది. నాగులుకు వచ్చిన మాటలు ఒకటే రకం. బస్టాండులో కండక్టరు పెట్టే కేక. "ప్రొద్దుటూర్, ప్రొద్దుటూర్, ఎక్కాల ఎక్కాల." ఆకలైనా అదే, సంతోషమైనా అదే, నిద్రొచ్చినా అదే. ఏ ప్రొద్దుటూరు ఆకలి, ఏ ప్రొద్దుటూరు నిద్ర అన్నది పలికిన తీరును బట్టి మాకు తెలిసిపోయేది.

ఆ పిల్ల అరుస్తున్నప్పుడు జేజి ఒక్క మాటా మాట్లాడేది కాదు. దండెం మీది మందపాటి గొంగళి తీసి ఆమె భుజాల మీద కప్పి, కొంచెం ఎడంగా, వీపు తిప్పి కూచునేది. అంతే. వక్క నములుతూ వాకిలి వైపు చూసేది. కాసేపటికి గొంగళి లోపల అరుపు సన్నగిల్లి, ప్రొద్దుటూర్ ప్రొద్దుటూర్ అని సణుగుడు వినబడేది. "నువ్వు బుజ్జగించవేంది జేజీ" అని నేను ఒకసారి అడిగాను. "బెదిరిన గొర్రె ఎంట పడితే ఇంగా దూరం పోతాదమ్మీ. మనం నిలబడితే అదీ నిలబడతాది" అంది.

పెద్దమ్మది పులివెందుల. ఆమె అన్న, మేమందరం పులివెందుల మామ అని పిలిచే ఆయన, మంచి మనిషే గానీ గొంతు పెద్దది. వీధి మొదట్లో ఉండగానే "యాడుండారు అందరూ" అని ఆయన కేక మా వంటింట్లోకి వచ్చేది. ఆ కేకకు నాగులు దొడ్డిలోకి పరిగెత్తి గొర్రెపిల్లల మధ్య దూరేది. ఒకసారి ఆయన వచ్చి, ఆ పిల్లకు గాలి సోకిందని, అట్లాంటివాళ్లను బాగుచేసే చోటు ఒకటుందని చెప్పాడు. కాళ్లకు గొలుసు వేసి గుడి మండపంలో ఉంచుతారట. కొన్ని వారాలు ఉంటే గాలి వదులుతుందట. చూసినవాళ్లు చెప్పారట. పెదనాయన తల వంచుకుని నేల మీద గీతలు గీస్తూ కూచున్నాడు. పెద్దమ్మ స్తంభానికి ఆనుకుని ఉంది. "పోనీలే అన్నా. కట్టేసినా బాగైతే చాలు. నాకు శాతగావడం లేదు" అంది.

జేజి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. పెద్దమ్మను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆమె ముందు కూచుని, పొడుగు చేతుల రవికెను మోచేతి దాకా పైకి లాగి చూసింది. పాత గాట్ల మీద కొత్తవి ఉన్నాయి. "నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయింది లచ్చుమీ" అని అడిగింది. పెద్దమ్మ ఏడ్చింది. జేజి వక్కను బుగ్గకు తోసుకుని మామ వైపు తిరిగింది.

"అబ్బయ్యా, నీ చెల్లెలి మీద నీకు అక్కర ఉండాది. కాదన్ను. దొడ్లో కుంటి గొర్రె ఉండాది. కట్టేస్తే దాని కాలు బాగైతాదా."

"కుంటిదానికీ దీనికీ పోలికేంది అత్తా. ఈ పిల్లకు పెండ్లి యాడ చేస్తావు, రేపు నువ్వు పోతే ఎవురు చూస్తారు. నలుగురూ ఏమంటాండారో నీకు వినబడడం లేదా" అన్నాడు మామ.

"వినబడతాండాది. దీన్ని చూసి వాళ్లు భయపడతాండారు. వాళ్లను చూసి ఇది భయపడతాండాది. దీనికి చెప్పి ఒప్పించలేను. వాళ్లకైతే చెప్పొచ్చు గదా. మనిషి పుట్టుక పుట్టినోళ్లు, చెప్తే వింటారు."

మామ నవ్వాడు. ఊరందరికీ చెప్తావా అన్నాడు. జేజి మళ్లీ పెద్దమ్మ వైపు తిరిగింది. "లచ్చుమీ, ఈ పొద్దు నుంచి పిల్ల నా కాడ పండుకుంటాది. నువ్వు లోపలింట్లో తలుపేసుకుని పండుకో" అని చెప్పి పొయ్యి దగ్గరికి పోయింది.

మర్నాడు దొడ్డి ఊడ్చడం కాగానే జేజి గొంగళి భుజాన వేసుకుని వీధిలోకి బయలుదేరింది. నాగులు చెయ్యి పట్టుకోలేదు. ముందు తాను నడిచింది. గోడకు వేలు ఆనించి నాగులు వెనక నడిచింది. నేను బడికి పోయేదాకా వాళ్ల వెంట ఉండేదాన్ని కాబట్టి ఆ మాటలు నాకు నోటికి వచ్చేశాయి. ప్రతి అరుగు మీదా కూచుని జేజి అదే చెప్పేది. "ఇది మా నాగులు. పిలిస్తే పలకదు, చెవుడనుకోవాకండి. చెయ్యి పట్టుకోవాకండి, గుంజితే కొరుకుతాది. యాడన్నా ఒంటిగా కనపడితే దాని ముందర నడవండి. ఎనకే వస్తాది." అంతే చెప్పి కాసేపు కూచుని, లేచి పక్కింటికి పోయేది. ఎవరినీ జాలి పడమనలేదు. కొత్త కోడలు కాపురానికి వచ్చినప్పుడు వీధికి ఎట్లా తెలియజేస్తారో అట్లా తెలియజేసింది.

అందరూ ఒకేలా వినలేదు. ఒక ఇంట్లో కడుపుతో ఉన్న కోడలిని అత్త గబగబా లోపలికి పంపి తలుపు మూసేసింది. పుట్టబోయే బిడ్డకు ఈ గాలి సోకుతుందని ఆమె భయం. జేజి మర్నాడూ వెళ్లింది. "మీ గడప నేను తొక్కన్లే, ఈడ్నే కూచుంటా" అని మెట్టు మీదే కూచుంది. మూసిన తలుపుకు ఎదురుగా వాళ్లిద్దరూ కూచుని ఉన్న దృశ్యం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కొన్నాళ్లకు తలుపు కొంచెం తెరుచుకుంది. ఆ ఇంట్లో బిడ్డ పుట్టి ఉయ్యాల వేసినాక నాగులు ఒకరోజు తనంతట తనే లోపలికి పోయి ఉయ్యాల ఊగడం చూస్తూ నిలబడింది. తాకలేదు, చూసింది. ఆ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టిందట. చివరికి తనే చెప్పుకుని నవ్వింది. తర్వాత బిడ్డ నిద్రపోకపోతే, నాగులు వచ్చి చూస్తే పడుకుంటాడని పిలవనంపేది.

వీధి అయినాక జేజి ఊళ్లోకి మళ్లింది. అంగళ్లు, పిండిమిషను, పెన్న దగ్గర బట్టలుతికే చోటు, చివరికి బస్టాండు. బస్టాండులో నాగులును కదిలించడం కష్టమయ్యేది. కండక్టరు కేక పెట్టినప్పుడల్లా ఆమె ముఖం వెలిగేది. ప్రొద్దుటూరు బస్సు కండక్టరు సుబ్బరాయుడు అని ఒకాయన ఉండేవాడు. తన కేకను ఆ పిల్ల అచ్చుగుద్దినట్టు పలుకుతుంటే మొదట వెక్కిరిస్తున్నదనుకున్నాడు. జేజి చెప్పినాక, నాగులు కనబడిన రోజు ఇంకో కేక అదనంగా వేసేవాడు.

ఆ ఏడు వానలు గట్టిగా పట్టి పెన్న నిండుగా పారుతోంది. ఒక మధ్యాహ్నం జేజి దొడ్డి కప్పు సరిచేస్తూ ఉండగా నాగులు కనబడకుండా పోయింది. ఇంట్లో లేదు, వీధిలో లేదు, ఉయ్యాల ఇంట్లో లేదు. పెదనాయన, మా నాయన ఏటి గట్టుకు పరిగెత్తారు. ఎర్రటి నీళ్లు మొద్దులను దొర్లించుకుంటూ పోతున్నాయి. పెద్దమ్మ గట్టు మీద కూలబడి, "కట్టేసి ఉంటే నా బిడ్డ బతికుండేది గదత్తా" అంది. పులివెందుల మామ అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. పక్కనే నిలబడి ఉన్నా, నేను చెప్పలేదా అని అనలేదు. పంచె ఎగగట్టి నీటి అంచునే కిందికి నడుస్తూ తుమ్మపొదలన్నీ వెతికాడు. జేజి నీళ్లనే చూస్తూ నిలబడింది. ఆమె నోట్లో వక్క లేదని నేను గమనించింది ఆ రోజే.

బస్టాండులో టీ అంగడి పెట్టుకున్నాయన పరిగెత్తుకుంటూ వచ్చి, పిల్ల ప్రొద్దుటూరు బస్సు ఎక్కిందని చెప్పాడు. తను చూసేసరికి బస్సు కదిలిందట. ఏటిలో లేదన్న ఊరట ఒక క్షణమే. ప్రొద్దుటూరు పెద్ద ఊరు. అక్కడ జేజి చెప్పిన గడపలు లేవు. అందరం బస్టాండుకు వచ్చి నిలబడ్డాం. వీధిలో సగం మంది అక్కడే ఉన్నారు. ఎవరూ ఇంటికి పొమ్మని ఎవరికీ చెప్పలేదు.

బాగా పొద్దు వాలినాక బస్సు వచ్చింది. మనుషులు దిగుతున్నారు. నాగులు లేదు. అందరూ దిగినాక సుబ్బరాయుడు దిగాడు. దిగి వెనక్కి చూడకుండా నిదానంగా నడవడం మొదలుపెట్టాడు. ఆయన వెనక, బస్సు రేకుకు వేలు ఆనించుకుంటూ నాగులు దిగింది. పెద్దమ్మ ముందుకు దూకబోతే జేజి కొంగు పట్టి ఆపింది. ఆయన మా వీధి వైపు తిరిగాడు. ఆ పిల్ల గోడ అందుకుని వెనకే నడిచింది. మేమంతా ఎడంగా, చప్పుడు చెయ్యకుండా వాళ్లను అనుసరించాం. ఇంటి ముందు ఆయన ఆగి జేజితో అన్నాడు. "సగం దోవ పోయినాక గానీ చూసుకోలేదు జేజీ. ఎనక సీట్లో కిటికీ కాడ కూచోనుంది. ఎవురో లేపబోతే అరిచింది. బస్సంతా గోల. దించేయమన్నారు. మా ఊరి పిల్ల, ఎవురూ ముట్టుకోవాకండి అని చెప్పినా. ప్రొద్దుటూర్లో డ్రైవరు బస్సులోనే కూచున్నాడు, నేను టిక్కెట్ల పని చూసుకోనొచ్చినా. అదే బస్సులో తెచ్చినా. చెయ్యి పట్టుకోలేదు. నువ్వు చెప్పినట్ల ముందర నడిచినా."

జేజి ఆయనకు దండం పెట్టింది. తన కొడుకు వయసు మనిషికి ఆమె దండం పెట్టడం అంతకు ముందూ తర్వాతా నేను చూడలేదు. పెద్దమ్మ గొంగళి తెచ్చి నాగులు మీద కప్పి, అత్తను చూసి నేర్చుకున్నట్టు వీపు తిప్పి పక్కన కూచుంది.  పులివెందుల మామ మర్నాడు తన ఊరికి పోయాడు. మళ్లీ వచ్చినప్పుడు వీధి మొదట్లో కేక లేదు. చెప్పులు బయట విడిచి, చప్పుడు లేకుండా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా అట్లాగే వచ్చాడు. ఆయన కూతురి పెండ్లికి పులివెందులలో మేళగాళ్లను విడిది ఇంటికి దూరంగా కూచోబెట్టించాడు. చుట్టాలు అడిగితే, "మా చెల్లెలి బిడ్డ వస్తాండాది, దానికి చప్పుడు పడదు" అని తనే చెప్పాడు. పెద్దమ్మ ఎన్నో ఏండ్ల తర్వాత ఒక పెండ్లిలో పంక్తిలో కూచుని అన్నం తిన్నది.

జేజి పోయింది, పెద్దమ్మా పెదనాయనా పోయారు. గొర్రెలు అమ్మి చాలా కాలమైంది. నాగులుకు ఇప్పుడు నా మాదిరే జుట్టు తెల్లబడింది. నా తమ్ముడు ఓబులేసు, వాడి భార్య రమణమ్మ అదే ఇంట్లో ఆమెను కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. ఇదంతా విని శ్రావణి, "మీ జేజికి వీధి ఉండింది అత్తా. మాకు గేట్లుండాయి" అంది. నిజమే. ఈ వీధిలో తలుపు తట్టి అరుగు మీద కూచుందామంటే అరుగే లేదు. పోను పోను నాకు మరొకటి తోచింది. ఆ రోజుల నుంచి నేను శ్రావణిని చూస్తున్నాను. పని అయిపోయి మంచం వాల్చుకునే వేళ ఇట్లాంటి పిల్లలకు ఎట్లా నేర్పాలో ఫోనులో చూసి చూసి నేర్చుకుంటుంది. వారానికి కొన్ని రోజులు పిల్లవాణ్ణి మాటలు నేర్పేవాళ్ల దగ్గరికి తీసుకుపోతుంది. చిన్న చిన్న బొమ్మలు గీసి, అట్టల మీద అంటించి, ఒక సంచిలో వేసి రిషి నడుముకు కట్టింది. నీళ్లు కావాలంటే వాడు నీళ్ల గ్లాసు బొమ్మ తీసి చేతిలో పెడతాడు. బయటికి పోవాలంటే చెప్పుల బొమ్మ. మా ఇంట్లో నాగులును ఎవరూ కొట్టలేదు, కట్టలేదు, వెలివేయలేదు. కానీ నీకేం కావాలని అడిగే దారి మాకు తెలియలేదు. ఆమె పలికే ఒక్క ప్రొద్దుటూరులో అర్థం మేమే వెతుక్కున్నాం. సరిగ్గానే వెతికామని అనుకున్నాం.

మొన్న శ్రావణిని, రిషిని వెంటబెట్టుకుని జమ్మలమడుగు పోయాను. రమణమ్మ ఎదురొచ్చి, "రా వదినా" అని కాళ్లకు నీళ్లిచ్చింది. నాగులు ఎప్పటిలా మూల గోడ వైపు తిరిగి కూచుని ఉంది. సాయంత్రమైతే ఆమె అట్లా గోడకు తిరుగుతుందని, అది ఆమె అలవాటని మా అందరికీ ఎన్నో ఏండ్లుగా తెలుసు. నడవలో టీవీ మోగుతోంది. రిషి రాగానే చెవులు మూసుకున్నాడు, అరవబోయి, సంచిలో వెతికి ఒక బొమ్మ తీశాడు. రెండు చేతులతో చెవులు మూసుకున్న పిల్లవాడి బొమ్మ. శ్రావణి చేతిలో పెట్టాడు. "పిన్నీ, కొంచెం టీవీ ఆపుతారా, వాడికి చప్పుడు కష్టంగా ఉండాదంట" అని శ్రావణి అడిగింది. రమణమ్మ వెంటనే ఆపేసింది. ఇల్లు ఒక్కసారిగా నిమ్మళించింది. నాగులు గోడ వైపు నుంచి తిరిగి రిషిని చూసింది. ముఖం కాదు, వాడి చేతులను చూసింది.

రిషి దొడ్డి వైపు ఆడుకోవడానికి పోయాడు. వాడు వెతుకుతూ సంచిలోంచి పోసిన బొమ్మల అట్టలు చాప మీదే ఉండిపోయాయి. మాటల్లో పడి చాలాసేపైనాక, సీరియల్ వేళ అయిందని రమణమ్మ మళ్లీ టీవీ పెట్టింది. చిన్నగానే పెట్టింది. అప్పుడు నాగులు లేచింది. గోడకు వేలు ఆనించి చాప దాకా వచ్చింది. వంగి, అట్టల్లో ఒకటి తీసి, రమణమ్మ దగ్గరికి పోయి ఆమె అరచేతిలో పెట్టింది. చెవులు మూసుకున్న బొమ్మ.

రమణమ్మ దాన్ని చూసింది, టీవీని చూసింది. "దానికి ఇష్టమని గదా వదినా నేను రోజూ సాయంత్రం పెడతాండేది. ఒక్కతే ఉంటాదని" అంది. లేచి పోయి టీవీ ఆపి, ప్లగ్గు కూడా పీకేసింది. నాగులు మూలకు పోలేదు. నడవ మధ్యలో, మా మధ్యలో కూచుంది. రమణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని చాప మీదికి జరిగి, అట్టలన్నీ దగ్గరికి లాక్కుంది.

"అమ్మీ శ్రావణీ, ఇంగా ఏమేం బొమ్మలుండాయి నీ కాడ" అని అడిగింది.